‘ఫండ్రీ’ చూసి నవ్వింది ఎవరు?



ప్రతి ఏడూ ఈ సంచికలో మెస్ గురించో, స్కాలర్‌షిప్‌ల ఆలస్యం గురించో ఒక వ్యాసం ఉంటుంది. ఈసారి మేము ఒక సినిమా గురించి రాస్తున్నాం. సినిమా కబుర్లకు వేరే పత్రికలు లేవా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి. కానీ ఈ సినిమా వేసిన మరునాడు మన మెస్ హాల్లో జరిగింది ఏ పత్రికలోనూ రాదు. అది మనమే రాసుకోవాలి.

సినిమా పేరు ‘ఫండ్రీ’. మరాఠీ సినిమా. దర్శకుడు నాగరాజ్ మంజులే. 2013లో తీసిన ఈ సినిమా 2014 ఫిబ్రవరి 14న మహారాష్ట్ర థియేటర్లలో విడుదలైంది. పెద్ద హీరో లేడు, ఫైట్లు లేవు, విదేశాల్లో పాటలు లేవు. జబ్యా పాత్ర వేసిన సోమనాథ్ అవఘడే అంతకుముందు సినిమా కెమెరా ఎరుగని పల్లెటూరి కుర్రాడు. 61వ జాతీయ అవార్డుల్లో ఈ సినిమాకు ఉత్తమ తొలి చిత్ర దర్శకుడి అవార్డు, ఆ కుర్రాడికి బాలనటుడి అవార్డు వచ్చాయి.

ఒక శనివారం రాత్రి వార్డెన్ గారిని అడిగి, మెస్ హాల్లో బల్లలు పక్కకు జరిపి, గోడకు తెల్ల బెడ్‌షీటు కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్ మీద ఈ సినిమా వేశాం. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే చిన్న తమ్ముళ్లకు అందడం లేదు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మిత్రుడికి మరాఠీ బాగా వచ్చు. అతనే ముందు కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు. అయితే సినిమా పేరు దగ్గర అతనూ ఆగిపోయాడు. ‘ఫండ్రీ’ అంటే తనకు తెలియదన్నాడు. అప్పుడు వెనక వరుసలోంచి ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముడు ఒకడు చెప్పాడు: “అన్నా, అది మరాఠీ మాట కాదనుకుంట. పందే అది. మా నాయనమ్మ అనే మాట గిట్లనే ఉంటది.”

ఆ తమ్ముడిది ఎరుకల కుటుంబం. అతను చెప్పింది నిజమే. ఫండ్రీ అనేది కైకాడీల మాట. మహారాష్ట్రలో బుట్టలు అల్లుకుంటూ, పందులు పట్టుకుంటూ ఊరి చివర బతికే కులం అది. వాళ్లకూ మన ఎరుకల వాళ్లకూ చుట్టరికం ఉందని కులాల గురించి రాసినవాళ్లు ఎప్పుడో చెప్పారు. తమిళంలో పన్రి, మనకు పంది, వాళ్లకు ఫండ్రీ. దర్శకుడు మంజులే షోలాపూర్ జిల్లా జేవూరు వాడు, వడ్డర్ కులంలో పుట్టినవాడు. మన దగ్గర రాళ్లు కొట్టే వడ్డెరలు, అక్కడి వడ్డర్లు ఒక్క తీగకు కాసిన వాళ్లే. మహారాష్ట్ర వడ్డర్ల ఇంటి భాషలో తెలుగు పాలు ఎక్కువ. కాబట్టి ఇది పరాయి రాష్ట్రం కథ అనుకోవడానికి లేదు.

కథ చిన్నది. జాంబువంత్ కచ్రూ మానే అనే జబ్యా బడికి వెళ్లే పిల్లవాడు. తనతో చదివే పై కులం అమ్మాయి శాలూ అంటే వాడికి ఇష్టం. ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడే ధైర్యం లేదు. నల్ల పిట్టను పట్టి కాల్చి, ఆ బూడిద ఆమె మీద చల్లితే తనను ఇష్టపడుతుందని ఎవరో చెబితే నమ్మి, గులేరు పట్టుకుని స్నేహితుడు పిర్యాతో కలిసి ముళ్లకంపల వెంట తిరుగుతుంటాడు. ముఖానికి పౌడరు పూస్తాడు. ముక్కు సన్నబడాలని క్లిప్పు పెట్టుకుంటాడు. జీన్స్ ప్యాంటు కొనుక్కోవాలని సైకిల్ మీద ఐసు అమ్ముతాడు. ఆ సైకిలు లారీ కింద పడి నుజ్జవుతుంది. తండ్రి కచ్రూకు ఇంకో బాధ. కూతురి పెళ్లి చేయాలి, కట్నం కావాలి. ఊళ్లో పందుల బెడద తీర్చమని పెద్దలు చెబితే కాదనే దారి లేదు.

చివరికి బడి పక్కనే, బడి పిల్లలందరూ చూస్తుండగా, ఇంటిల్లిపాదీ పంది వెంట పడాల్సి వస్తుంది. జబ్యా సిగ్గుతో దాక్కుంటాడు. తండ్రి కోప్పడతాడు. ఊరు ఊరంతా క్రికెట్ మ్యాచ్ చూసినట్టు చూస్తూ నవ్వుతుంది. శాలూ కూడా అక్కడే ఉంటుంది. పంది దొరికే సమయానికి బడిలో జాతీయ గీతం మొదలవుతుంది. జబ్యా నిలబడిపోతాడు, ఇంటివాళ్లూ నిలబడతారు, పంది పారిపోతుంది. తర్వాత దాన్ని పట్టి, కర్రకు కట్టి, బడి గోడ పక్కనుంచి మోసుకుపోతారు. ఆ గోడ మీద అంబేద్కర్, ఫూలే దంపతుల బొమ్మలు ఉంటాయి. ఎగతాళి ఆగదు. జబ్యా రాళ్లు అందుకుంటాడు. ఆఖరి రాయి నేరుగా మన మీదికి వస్తుంది. తెర నల్లబడుతుంది. అంతే, సినిమా అయిపోయింది.

ఇంత చిన్న సినిమా అంతమందికి ఎలా నచ్చింది? ఒక్కొక్కరికి ఒక్కో కారణంగా నచ్చిందని మా అభిప్రాయం.

నగరాల్లో ఫిల్మ్ ఫెస్టివళ్లకు వెళ్లేవారికి, పెద్ద పత్రికల్లో సమీక్షలు రాసేవారికి ఇది తెలియని లోకపు కబురు. నల్ల పిట్ట దేనికి గుర్తు, జాతీయ గీతం అక్కడే ఎందుకు పెట్టాడు, గోడ మీద బొమ్మల ముందు నుంచే పందిని ఎందుకు మోయించాడు అని వాళ్లు వివరంగా చర్చించారు. ఆ చర్చ వల్లే ఈ సినిమా పదిమందికి తెలిసింది. కాదనం. కాకపోతే అందులో ఒక ప్రమాదం ఉంది. చూసి బాధపడ్డాం కాబట్టి మా వంతు అయిపోయిందని తృప్తి పడే ప్రమాదం.

మహారాష్ట్ర పట్టణాల్లో కుర్రకారుకు ఇది మొదట ప్రేమకథ. విడుదల తేదీయే ప్రేమికుల రోజు. అజయ్–అతుల్ చేసిన ప్రచార గీతం కూడా తొలి ప్రేమ పాటే. ఆ పాట విని వచ్చినవారు జబ్యా ముక్కుకు క్లిప్పు పెట్టుకుంటే నవ్వుతారు, శాలూ కంట పడాలని వాడు జాతరలో ఎగిరి డాన్సు చేస్తుంటే ఈల వేస్తారు. ఆ డాన్సు మధ్యలోనే వాడి నెత్తిన దీపం పెట్టి మోయమంటారు. అక్కడ ఈల ఆగిపోతుంది. ప్రేమకథ చూద్దామని టికెట్టు కొన్నవాడికి, ఈ పిల్లవాడు ప్రేమించడానికే ఎందుకు జంకుతున్నాడో అప్పుడు అర్థమవుతుంది. ముందే కులం సినిమా అని చెప్పి ఉంటే వాళ్లలో సగం మంది వచ్చేవారు కాదు.

మన హాస్టల్లో చూసిన తమ్ముళ్లు మరో రకంగా చూశారు. జీన్స్ ప్యాంటు కోసం ఐసు అమ్మడం చూసి ఎవరూ నవ్వలేదు. ఎండాకాలం సెలవుల్లో మామిడితోటల్లో, మేస్త్రీల దగ్గర పనిచేసి చెప్పులూ, చొక్కాలూ కొనుక్కున్నవాళ్లమే అందరం. క్లాసులో అందరిలో కలిసిపోవాలని పడే తాపత్రయం మనకు ఒకరు చెప్పాల్సింది కాదు. కాలేజీ దోస్తులకు ‘హాస్టల్’ అని మాత్రమే చెప్పి, ఏ హాస్టలో చెప్పకుండా మాట మార్చిన రోజులు మాలో చాలామందికి ఉన్నాయి.

అమ్మాయిల హాస్టల్ అక్కచెల్లెళ్లు వేరే రోజు చూశారు. వాళ్లు అడిగిన ప్రశ్న మాకు తట్టనే లేదు. “మీరందరూ జబ్యా జబ్యా అంటున్నారు. పిల్లను ఎత్తుకుని పుట్టింట్లో ఉన్న వాడి అక్క సంగతేంది? బుట్టలు అల్లే వాడి అమ్మ సంగతేంది? వాళ్లు కూడా ఆ పంది వెనక ఉరికారు కదా. వాళ్లకు సిగ్గు ఉండదా?” అన్నారు. మేము జవాబు చెప్పలేకపోయాం.

మాలో ఒక మిత్రుడు ఫోన్లో ఎక్కించుకుని సెలవులకు ఇంటికి పోయి వాళ్ల నాన్నకు చూపించాడు. ఆయన కూలి పని చేస్తారు. జబ్యా ప్రేమ ఆయనకు పట్టలేదు. సినిమా అంతా కచ్రూనే చూశారు. అయిపోయాక, “ఆ పిలగాడి బాధ సరే, ఆ మనిషి బిడ్డ పెండ్లి ఎట్ల చేస్తడు?” అని అడిగారట. కొడుకు కంటికి పిరికివాడిగా కనిపించిన కచ్రూ తండ్రి కంటికి దారిలేని మనిషిగా కనిపించాడు. సినిమా ఒక్కటే. అయినా ఇల్లు నడిపిన మనిషికి, బడికి పోయిన మనిషికి అందులో వేరే వేరే కథలు ఉన్నాయి.

ఇంతమందికి ఇన్ని దారులు ఎలా దొరికాయి? ఇక్కడే తక్కువ ఖర్చు సంగతి చెప్పాలి. డబ్బు లేకపోవడం దానికదే గొప్ప కాదు. డబ్బు లేక చెడిపోయిన సినిమాలు కూడా చాలా ఉన్నాయి. కానీ కోట్లు పెట్టినప్పుడు ఆ కోట్లు తిరిగి రావాలి. అందుకు స్టారు కావాలి. స్టారు ఉంటే ఆయన ఓడిపోకూడదు, అభిమానులు ఒప్పుకోరు. ఇదే కథ పెద్ద హీరోతో తీసి ఉంటే ఆ రాయి ఊరి పెత్తందారు నుదురు పగలగొట్టేది. పదిమంది గాల్లో లేచేవారు. మనం చొక్కాలు విప్పి తిప్పి, పేపర్లు ఎగరేసి, మన బదులు హీరో కొట్టేశాడు కదా అని హాయిగా ఇంటికి వచ్చేవాళ్లం. ‘ఫండ్రీ’లో మన బదులు కొట్టేవాడు ఎవరూ లేరు. కథ తెగకుండానే దీపాలు వెలుగుతాయి. మిగిలింది మనం తేల్చుకోవాలి.

అదే దర్శకుడు 2016లో ‘సైరాట్’ తీశాడు. ఈసారి పాటలు, హుషారు, బుల్లెట్ నడిపే హీరోయిన్, అన్నీ పెట్టాడు. మరాఠీలో అంతవరకు ఏ సినిమాకూ రానంత వసూళ్లు వచ్చాయి. కానీ చివర కులం పేరుతో జరిగే హత్యను, రక్తంలో పడిన పసివాడి అడుగులను మాత్రం వదలలేదు. అంటే ఎక్కువమందికి నచ్చేలా తీస్తే చెప్పే మాట పోతుందనేది అబద్ధం. అదే కథను 2018లో హిందీలో ‘ధడక్’గా తీశారు. ఊరు ఉదయపూర్ అయింది, బట్టలు మెరిశాయి, కులం మాత్రం పలచబడిపోయింది. అందరికీ నచ్చాలని ఎవరినీ నొప్పించకుండా తీస్తే మిగిలేది అదే.

మన దగ్గర కూడా ఇలాంటి సినిమాలు లేకపోలేదు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ ఉంది. దొర గడీలో బానిసగా బతికిన స్త్రీ కథ బి.నర్సింగరావు గారి ‘దాసి’ 1988లో వచ్చింది. 2020లో కరుణకుమార్ ‘పలాస 1978’ వచ్చింది. వీటిని కూడా వరుసగా మెస్ హాల్లో వేయాలని మా ఆలోచన.

ఇక ఒక అభ్యంతరం. ఈ సినిమా వేశామని తెలిసి, మంచి ఉద్యోగంలో ఉన్న పూర్వ విద్యార్థి అన్న ఒకరు ఫోన్ చేసి కోప్పడ్డారు. “మేము ఇవన్నీ మరిచిపోవడానికే చదువుకున్నాం. మళ్లీ పందులు పట్టడమే చూపిస్తారా? మనవాళ్లు కలెక్టర్లు కావడం చూపించండి, పిల్లలకు ధైర్యం వస్తుంది” అన్నారు. ఆయన మాటను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. మనల్ని ఎప్పుడూ ఏడుస్తూనో, తిట్లు తింటూనో చూపించే సినిమాలు చూసి మాకూ విసుగు పుట్టింది. మన దుఃఖం కొందరికి అవార్డుల ముడిసరుకు అయిందన్న మాటలో నిజం ఉంది.

అయినా ‘ఫండ్రీ’ విషయంలో అన్నతో మేము ఏకీభవించలేకపోతున్నాం. ఈ సినిమా తీసినవాడు ఆ బతుకు బయట నిలబడి చూసినవాడు కాదు. పైగా ఇందులో కెమెరా చివరికి తిరిగింది పంది పట్టేవాళ్ల మీదికి కాదు, చూసి నవ్వేవాళ్ల మీదికి. పంది పట్టడంలో సిగ్గుపడాల్సింది ఏముంది? అదొక పని. ఆ పని ఒక్క కులానికే అంటగట్టి, మళ్లీ ఆ పని చేసినందుకే నవ్వినవాళ్లు సిగ్గుపడాలి. ఈ మాట మన తమ్ముళ్లకు చిన్నప్పుడే తెలిస్తే, కలెక్టర్ అయ్యాక కూడా తల్లిదండ్రుల పని పేరు దాచుకోవాల్సిన అవసరం ఉండదు.

ఇంతవరకు రాసింది చదివి మేమేదో గొప్పగా అర్థం చేసుకున్నామని మీరు అనుకుంటే పొరపాటు. మరునాటి సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అది మోసం అవుతుంది.

ఆదివారం పొద్దున టిఫిన్ లైన్లో అందరం పళ్లేలు పట్టుకుని నిలబడి ఉన్నాం. ముందు రోజు రాత్రి పంది అని అర్థం చెప్పిన తమ్ముడు వచ్చాడు. లైన్లోంచి ఎవరో “ఫండ్రీ వచ్చిండు, జరగుండ్రి” అన్నారు. లైనంతా నవ్వింది. మాలో కొందరు నవ్వారు. నవ్వని వాళ్లం కూడా ‘ఊరుకో’ అని ఒక్క మాట అనలేదు. ఆ తమ్ముడు పళ్లెం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం స్టడీ అవర్‌లో లేడు. రాత్రి అటెండెన్స్‌కూ లేడు. బ్యాగు తీసుకుని ఊరికి పోయాడని రూమ్మేటు చెప్పాడు.

పన్నెండు గంటల కిందట జబ్యా కోసం కళ్లు తుడుచుకున్నది మేమే. ఊరిజనం నవ్వుతుంటే తెర మీదికి చెప్పు విసరాలనిపించింది మాకే. తెల్లారేసరికి అదే మాటతో ఒక పిల్లవాణ్ని పారదోలింది కూడా మేమే. మన హాస్టల్లో ఎస్సీలతో పాటు కొద్దిమంది ఎస్టీ, బీసీ పిల్లలు కూడా ఉంటారు. ఎస్సీల్లోనూ ఈ కులం, ఆ కులం అని ఏ రూములో ఎవరు ఎవరితో ఉంటారో మనకు తెలుసు. బయట మనల్ని చూసి నవ్వేవాళ్లను తిట్టడం మనకు బాగా వచ్చు. మనకంటే ఒక మెట్టు కింద ఉన్నాడనుకున్నవాడు ఎదురుపడితే మాత్రం మనకు అది కులమని గుర్తుకు రాదు, సరదా అనిపిస్తుంది.

ఇద్దరం ముగ్గురం కలిసి బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాం. వాళ్ల అమ్మ కుర్చీ లేదని నొచ్చుకుంటూ మంచం వాల్చింది. టీ పెట్టింది. కొడుకు ఎందుకు వచ్చేశాడో ఆమెకు చెప్పలేదు. జ్వరమని చెప్పాడట. మేము తల దించుకుని టీ తాగాం. బయటికి వచ్చాక తప్పయిందిరా తమ్మీ అన్నాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒక్కటే అన్నాడు: “సినిమాల నవ్వినోళ్ల మీద మీకు కోపం వచ్చింది గదన్నా. మరి...” అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయలేదు. చేయాల్సిన అవసరం కూడా లేదు.

తమ్ముడు తిరిగి వచ్చాడు. మొన్నటి పరీక్షలు రాశాడు. ఆ మాట అన్న మిత్రుడు అందరి ముందు క్షమాపణ అడిగాడు. నవ్విన మేము కూడా అడిగాం. అప్పటి నుంచి ఎవరినీ కులం పేరుతో, కులవృత్తి పేరుతో, ఊరి పేరుతో పిలవకూడదని హాస్టల్ కమిటీలో తీర్మానం చేసుకున్నాం. తీర్మానాలతో అన్నీ మారిపోతాయని మేము చెప్పడం లేదు. ఇప్పటికీ ఎవరో ఒకరు నోరు జారుతూనే ఉంటారు. తేడా ఏమిటంటే, ఇప్పుడు పక్కవాడు ‘ఊరుకో’ అంటున్నాడు.

అందుకే ఈ సినిమా గురించి మా అభిప్రాయం ఇది. పట్నంవాళ్లకు ఒకలా, ప్రేమికులకు ఒకలా, తండ్రులకు ఒకలా, అక్కచెల్లెళ్లకు ఒకలా నచ్చడం దీని బలమే. ఎవరి ద్వారం నుంచి వాళ్లను లోపలికి రానిచ్చింది. కానీ లోపలికి వచ్చాక అందరినీ ఒకే బెంచీ మీద, ఊరిజనం పక్కన కూర్చోబెట్టి ఒకటే రాయి విసిరింది. ఆ రాయి పై కులాల వాళ్లకే అనుకుని మేము పక్కకు తప్పుకున్నాం. మాకు ఒక రోజు ఆలస్యంగా, టిఫిన్ లైన్లో తగిలింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ సినిమా చూడండి. ఒక్కరే చూడకండి, నలుగురితో కలిసి చూడండి. ఎక్కడ ఎవరు నవ్వుతున్నారో గమనించండి, మీరు ఎక్కడ నవ్వారో కూడా గుర్తుపెట్టుకోండి. పూర్వ విద్యార్థి అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మీ ఉద్యోగాల గురించి చెప్పండి, మాకు ధైర్యం వస్తుంది. దానితో పాటు మీ అమ్మానాన్నలు ఏ పని చేసి మిమ్మల్ని ఇక్కడిదాకా పంపారో, ఆ పని పేరు కూడా వేదిక మీద గట్టిగా చెప్పండి. వెనక వరుసలో కూర్చున్న తమ్ముడు వింటాడు.